అడ్డంగా కొట్టే వాన

ఆవిడ అంత్యక్రియలు అయ్యాక చర్చి పక్కనున్న హాల్లో టీ ఇచ్చారు. ఒక బల్ల మీద ఇక్కడివాళ్ల శాండ్‌విచ్‌లు, ఇంకో బల్ల మీద మనవాళ్లు వండి తెచ్చిన పులిహోర, చికెన్ పకోడీ. నేను కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. తెలిసిన డాక్టరుగారు ఒకాయన పలకరిస్తే జవాబు చెబుతున్నాను. మాట మధ్యలో ఆయన ఆగి నా చేతివైపు చూశారు. అప్పుడు చూసుకున్నాను. కిటికీ కింద గోడని బొటనవేలితో నొక్కుతున్నాను. ఒక్కచోట కాదు, ఆ మూల నుంచి ఈ మూల దాకా వరుసగా.

"తడి ఉందా?" అన్నారాయన నవ్వుతూ.

ఉంది. ఎడమ మూలలో కాస్త మెత్తగా తగిలింది. ఆ సంగతి వెంటనే చెప్పాల్సిన మనిషిని అప్పుడే మట్టి చేసి వచ్చాం.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా తన ఫొటో పెడితే తీసేయించేదాకా ఊరుకునేది కాదు. ఇక పేరు రాస్తే నన్ను వదిలిపెట్టేదా? ఐర్లండులో మేముండే నేస్ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ ఆవిడ కారవాన్ ఆంటీ. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇంటిని ఇక్కడ కారవాన్ అంటారు. అలాంటిది ఒకటి ఆవిడ ఇంటి పక్కన ఎప్పుడూ నిలబడి ఉండేది.

ఒంగోలు దగ్గర పుట్టిందనీ, నర్సుగా వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో వార్డు నడిపి రిటైరైందనీ తప్ప ఆవిడ చరిత్ర నాకు పెద్దగా తెలియదు. నాకు బాగా తెలిసింది ఆవిడ బొటనవేలు. ఎవరింటికి భోజనానికి పిలిచినా కూర్చునేముందు కిటికీల కింద నొక్కి చూసేది. తర్వాత వంటింట్లో సింకు కింది అలమర తెరిచి, తల లోపలికి పెట్టి వాసన పీల్చేది. కొత్తగా ఇల్లు కొని, మురిసిపోతూ చూపించడానికి పిలిచినవాళ్ల మొహాలు ఆ కాసేపూ చూడాలి. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డ పిల్లల్లా ఉండేవాళ్లు. బాగుంటే ఇక్కడివాళ్లలా "గ్రాండ్" అనేది. బాగాలేకపోతే ఏమీ అనకుండా కిటికీ తెరిచేది.

రిటైరైనా నర్సుల గడియారం తలకిందులుగా స్వెట్టరుకి వేలాడుతూనే ఉండేది. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. ఆలోచించాల్సి వస్తే దాన్ని తీసి, మళ్లీ అక్కడే గుచ్చేది. దాంతో ఆవిడ ఏమైనా రాయగా నేను చూడలేదు.

ఆవిడతో మాకు పని పడిన సంవత్సరం మాకు అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. అద్దెకున్న ఇంటిని ఓనరు అమ్మేస్తానన్నాడు. జూలైతో లీజు ఆఖరు. మేం బుక్ చేసుకున్న కొత్త ఇల్లు క్రిస్మస్ దాటితేగానీ ఇవ్వలేనని బిల్డరు చేతులెత్తేశాడు. నా భార్య మాధవి కడుపుతో ఉంది, అక్టోబరులో పురుడు. మధ్యలో ఉండటానికి ఇంకో అద్దె ఇల్లు వెతుకుదామని వెళ్తే, చూడటానికి వచ్చినవాళ్ల వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేది. ఆసుపత్రిలో డ్యూటీ చేసి వచ్చిన మాధవి ఆ వరుసలో నడుం పట్టుకుని నిలబడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు.

అప్పుడు నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. పాత కారవాన్ కొని కొన్నాళ్లు అందులో ఉందామన్నాను. డాక్‌ల్యాండ్స్‌లో ఉన్న ఆఫీసులో నాతో పనిచేసే ఒకతని నాన్న రైతు. నేస్‌కి దగ్గర్లోనే పొలం. ఆయన పెరట్లో పెట్టుకోవచ్చా అంటే, కరెంటు, నీళ్లు ఇస్తానని కూడా చెప్పి, "గ్రాండ్" అన్నాడు. ప్రకటన చూసిన రోజే వెళ్లి కొనేశాను. తలుపు తీయగానే లోపల నిమ్మకాయ వాసన గుప్పుమంది. ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో అని పొంగిపోయాను.

ఆంటీని చూడటానికి పిలిచింది మాధవి. నా ఎంపిక మీద ఆమెకున్న నమ్మకం అంత. ఆంటీ వచ్చి మంచం చూడలేదు, పొయ్యి చూడలేదు. తిన్నగా ముందు కిటికీ దగ్గరికి వెళ్లి దాని కింద వేలు పెట్టి నొక్కింది. ఉప్మాలోకి దిగినట్టు వేలు గోడలోకి దిగింది.

"కొనేముందు ఎవరు చూశారబ్బాయ్ దీన్ని?" అంది.

నేనే అన్నాను. నిమ్మకాయ వాసన వేసిందా అని అడిగింది. వేసిందన్నాను. వాసన కొట్టినవాళ్లు దేన్ని దాచడానికి కొట్టారో ఆలోచించలేదా అని మాత్రం అడగలేదు. నా మొహం చూసి జాలిపడి ఉంటుంది. పైన కొత్త చెక్క ఒకటి బిగించేస్తే సరిపోతుందేమోనని నేనే ఓ సలహా ఇచ్చాను. ఆవిడ నన్ను వదిలేసి మాధవి వైపు తిరిగింది.

"పుట్టబోయే బిడ్డ పీల్చే గాలమ్మాయ్ ఇది. ఈ గోడలో బూజు ఉన్నన్నాళ్లు నేను మిమ్మల్ని ఇందులో పడుకోనివ్వను. పుండు కుళ్లితే తెరిచి కడుగుతాం గానీ, పైన కొత్త దుప్పటి కప్పుతామా?"

మర్నాటి నుంచి తెరవడం మొదలైంది. కారవాన్‌కి బయట అల్యూమినియం రేకు, లోపల పల్చటి చెక్క గోడ, ఆ రెండింటి నడుమ కర్రల చట్రం. లోపలి చెక్క ఊడదీస్తే ఆ కర్రలు నల్లబడి, టీలో ముంచిన బిస్కెట్టులా చేతిలోకి విడిపోయాయి. నేను ఆ ముక్కలు కింద పారేసి చేతులు దులుపుకున్నాను. ఆవిడకి మాత్రం ఉత్సాహం వచ్చింది. కుళ్లినంత మేరా గీత గీసినట్టు కోయించింది. గట్టి కర్ర కనిపించాక కూడా ఇంకో జానెడు కోయించింది. బయట అతుకుల మీది పట్టీలు విప్పించి, ఎండి రాయైపోయిన పాత మైనం గీకించి, కొత్త జిగురు టేపు వేయించింది. పని చేస్తూ ఆ గోడతో మాట్లాడేది. "ఓర్చుకో తల్లీ, అయిపోయింది" అనేది. నా వేలు తెగినప్పుడు మాత్రం ఓదార్పు లేదు, ప్లాస్టరు ఎక్కడుందో చెప్పింది.

మొదట్లో నేను మచ్చ కనిపించిన చోటే కన్నం వెతికేవాణ్ని. వాన నీళ్లు పైనుంచి కిందికి దిగుతాయి, మచ్చ ఎక్కడుంటే దానికి పైన వెతకాలి అని ఆవిడే చెప్పింది. అలాగే వెతికితే మా కిటికీ కింది మచ్చకి మూలం పైకప్పు అంచున దొరికింది.

ఫ్లాస్కులో టీ తెచ్చేది. తాగేటప్పుడు తన మొదటి కారవాన్ కథ చెప్పేది. వచ్చిన కొత్తలో వాళ్లాయన, ఆవిడా మోజుపడి ఒకటి కొన్నారు. కొన్నేళ్లకే నేలంతా కుళ్లిపోయి పారేయాల్సి వచ్చింది. "ఐరిష్ వాన తినేసింది" అనేది. ఆ మాట వాళ్లాయనది. ఎవరు అడిగినా ఆయన అదే చెప్పేవారట. తర్వాత దెబ్బతిన్నదే ఇంకోటి కొని, ఒక చలికాలమంతా ఇద్దరూ కూర్చుని విప్పి, బాగుచేసి, దేశం చివరిదాకా తిరిగొచ్చారు. ఇంటి పక్కన ఉన్నది అదే. ఆయన పోయాక ఆవిడ దాన్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఎండ వచ్చిన రోజు దాని కిటికీలన్నీ తెరిచి, సాయంత్రం మళ్లీ మూసేది.

విప్పడం, కోయడం, బిగించడం అయ్యాయి. ఇక ఆరాలి. అక్కడే మాకు చిక్కొచ్చింది. ఆ ఏడు జూలై నెలంతా వానే. తేమ లాగే యంత్రం పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంది, డబ్బా నిండుతూనే ఉంది. చెక్కలు కోసి, మరలు వరుసగా పెట్టుకుని నేను సిద్ధంగా ఉన్నాను. ఆవిడ దగ్గర తేమ కొలిచే మీటరు ఉంది. దాన్ని చూశాక కూడా వంగి, కొత్త కర్రకి చెంప ఆనించేది. "ఇంకా చల్లగానే ఉంది" అనేది. తడి ఉన్న కర్ర చల్లగా తగులుతుందట.

లీజు చివరి వారం కూడా అదే మాట అంది. నాకు ఓపిక అయిపోయింది.

"ఆంటీ, ఐతారం తాళాలు ఇచ్చెయ్యాలె. గీమె కడుపుతోని ఉన్నది. మేం ఏడికి పోవాలె?" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే లేచింది.

ఆవిడ ముడిలోంచి పెన్సిలు తీసి, మళ్లీ గుచ్చుకుంది.

"మా ఇంటికి" అంది. "కర్రకి టైం కావాల. మీకు చోటు కావాల. రెండూ ఒకచోటే వెతుక్కుంటే ఎట్లా?"

ఆ మాట చెప్పి ఫ్లాస్కు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. వచ్చాక నేను థాంక్స్ చెప్పబోతే మరలు తుప్పు పట్టనివి తెచ్చావా అని అడిగింది.

ఆవిడ ఇంట్లో ఉన్నవి రెండే పడకగదులు. ఒకటి మాకిచ్చింది. పురుటికి సాయంగా మాధవి వాళ్లమ్మ, మా అత్తయ్య, ఖమ్మం నుంచి వస్తోందని తెలిసి రెండోది ఆమెకి సర్దింది. మరి మీరో అంటే, దిండు చంకలో పెట్టుకుని ఇంటి పక్కనున్న కారవాన్‌లోకి వెళ్లింది. నాకందులోనే నిద్ర బాగా పడుతుందని చెప్పింది. మేం నమ్మేశాం. వారాంతానికి దూరాన రింగాస్కిడీ అనే ఊళ్లో ఉండే ఆంటీ వాళ్లబ్బాయి కారేసుకుని వచ్చాడు. కారవాన్ కిటికీకి పరదా వేసి ఉండటం చూసి గేటు దగ్గరే నిలబడిపోయాడు. నాన్న పోయాక అమ్మ అందులో పడుకోవడం ఇదే మొదటిసారి అని నాకు మెల్లగా చెప్పాడు. సొంత అన్నదమ్ముల ఇంట్లో నాలుగు రోజులుంటేనే లెక్కలు వచ్చే రోజుల్లో, ఏమీ కాని మా కోసం ఆ మనిషి తన గది ఖాళీ చేసింది. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నా కళ్లు తడుస్తాయి.

అత్తయ్య వచ్చాక ఆ ఇంట్లో మేం లెక్కలో లేకుండా పోయాం. పొద్దున ఈవిడ దీపం, ఆవిడ బైబిలు. తర్వాత ఇద్దరూ కలిసి వంట. వారం తిరక్కుండానే వదినా అంటే వదినా అనుకోవడం మొదలుపెట్టారు. పురుటికి ఏం వండాలన్న దాని మీద ఇద్దరికీ పోట్లాట, ఎవరు గెలిచినా తినాల్సింది మాధవే.

ఆగస్టు చివర్లో ఒక రోజు ఆంటీ కర్రకి చెంప ఆనించి, కళ్లు మూసుకుని, "ఇక మూసెయ్" అంది. మూసేశాం. గోడలకి రంగు, నేలకి కొత్త షీటు. మంచి రోజు చూసి దిగుదామనుకున్నాం. ఆ రోజు గ్యాసు బండ తేవడానికి నేనూ ఆంటీ వెళ్లాం. తిరిగి పొలంలోకి కారు మళ్లేసరికి, కారవాన్ మెట్టు మీద అత్తయ్య చీరకుచ్చెళ్లు ఎగదోపుకుని, కొంగు బిగించి నిలబడి ఉంది. చేతిలో బకెట్టు. తలుపు కింద చెక్కకి పసుపు రాసి బొట్లు పెట్టింది. లోపలి నుంచి నీళ్లు జలజలా బయటికి వస్తున్నాయి. పక్కనే ఆ ముసలి రైతు, గొడ్లకి నీళ్లు పెట్టే బకెట్టు నింపి పట్టుకుని, ఎంతో మర్యాదగా తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు.

"కొత్తింట్ల దిగెటప్పుడు కడగకుంట ఎట్ల బిడ్డా?" అంది అత్తయ్య మమ్మల్ని చూసి, సంతోషంగా.

వేసవంతా ఆరబెట్టిన చెక్క. నేను నోరు తెరిచాను. ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. నాడి చూసినట్టు పట్టుకుని, వదల్లేదు. "ఆగు" అంది, నాకు మాత్రమే వినపడేలా. తర్వాత బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, ఆ నీళ్లలోకి ఎక్కింది.

"ఎంత బాగా కడిగావు వదినా. ఇక ఆరబెడదాం దా. ఈ దేశంలో నేల తనంతట తాను ఆరదు" అంది.

ఉన్న తువ్వాళ్లన్నీ తెప్పించింది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తూ, మధ్యలో మాధవి చిన్నప్పటి కబుర్లు చెప్పుకుంటూ, షీటు అంచులు లేపి కింద దాకా పొడి చేశారు. రైతుకి ఏం అర్థమైందో గానీ తన బకెట్టు చడీచప్పుడు లేకుండా గడ్డిలో పారబోశాడు. మేం ఇంకొన్నాళ్లు ఆంటీ ఇంట్లోనే ఉండి, యంత్రాన్ని మళ్లీ తిప్పి, అప్పుడు దిగాం.

నేల నిలబడింది. కానీ తలుపు పక్క గోడ అడుగున ఒక గోధుమరంగు మచ్చ తేలింది. దిగిన రోజు అత్తయ్య కళ్లు దాని మీదే పడ్డాయి. ఆ ఎండబెట్టే ఆరాటమంతా ఎందుకో అప్పటికి ఆమెకి కొంత అర్థమైనట్టుంది. మొహం చిన్నబోయింది.

"వదినా, గిది నేను కడిగిన నీళ్లదా?" అని అడిగింది.

ఆంటీ వంగి మచ్చని చూసి, వేలితో నొక్కి, తల అడ్డంగా ఊపింది.

"కాదు వదినా, వాన. ఇక్కడి వాన పైనుంచి పడదు, అడ్డంగా కొడుద్ది. తలుపు సందులోంచి వచ్చింది."

అత్తయ్య మొహం తేటపడింది. ఐర్లండు వానని నాలుగు తిట్లు తిట్టి పాలు పొంగించడానికి వెళ్లింది.

సాయంత్రం ఆంటీని నేనే ఇంటి దగ్గర దింపాను. ఆవిడ నేర్పిన పాఠం ఆవిడకే అప్పగించాలనిపించింది. ఆంటీ, ఆ మచ్చ కిందినుంచి పైకి ఎక్కింది కదా అన్నాను.

"మా మొదటిదాన్ని ప్రతి శనివారం బకెట్లతో కడిగేదాన్నబ్బాయ్" అంది. "అద్దె ఇల్లు ఇరుగ్గా ఉండేది. ఆదివారం ప్రార్థనకి మనవాళ్లు వస్తే అందులోనే కూర్చోబెట్టేవాళ్లం. దేవుడి మాట చదివే చోటు, కడగకుండా ఎట్లా అనుకున్నా. కుళ్లిపోయాక ఆయన నేలంతా విప్పి చూశాడు. బయటికొచ్చి, వాన తినేసిందే అన్నాడు. చాన్నాళ్లు నేనూ వాననే తిట్టా. రెండోదాన్ని విప్పినప్పుడు తెలిసింది, వాన కుళ్లు పైనుంచి దిగుద్దని. మా మొదటిదాంట్లో కిందినుంచే ఎక్కింది. ఆయనకి ఆ రోజే తెలుసు."

ఆయన్ని అడగలేదా అన్నాను.

"అడిగితే ఏం మిగులుద్ది? నా మీద మాట రాకూడదని ఊరంతా వాన అని చెప్పుకుంటా తిరిగాడు. నేను కనిపెట్టానని తెలిస్తే చిన్నబోతాడు. చెప్పలా."

ఇంటి ముందు కారాపాను. దిగి, తన కారవాన్ కిటికీ మూసి ఉందో లేదో లాగి చూసుకుని, లోపలికి వెళ్లింది.

ఆ చలికాలం మేం ఆ చక్రాల ఇంట్లో గడిపాం. పాప అక్టోబరులో పుట్టింది. ఆంటీ వచ్చినప్పుడల్లా ముందు గోడలు నొక్కేది, తర్వాత చేతులు కడుక్కుని పాపని ఎత్తుకునేది. పాప వీపుకి చెవి ఆనించి వినేది, కర్రకి చెంప ఆనించినట్టే. ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, జీపీ కూడా చూసి ఊపిరితిత్తులు గ్రాండ్ అన్నాడు. ఆ మాట వినగానే మాధవి ఏడ్చింది. ఆమె ఎవరికి దండం పెట్టుకుందో నాకు తెలుసు. నేనూ అక్కడే పెట్టుకున్నాను. క్రిస్మస్ దాటాక కొత్త ఇంటికి మారాం, కారవాన్ని కూడా తెచ్చి దాని పక్కనే పెట్టుకున్నాం. అక్కడా ఆవిడ వేలు ఒక కిటికీ దగ్గర ఆగింది, బిల్డరు మళ్లీ రావాల్సి వచ్చింది.

పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. నేను గోడలు నొక్కుతుంటే "ఇట్స్ గ్రాండ్, డాడీ" అని ఇంగ్లీషులో విసుక్కుంటుంది. ఆంటీ ఈ వసంతంలో కొద్దిరోజుల జబ్బుతో, తాను పనిచేసిన ఆసుపత్రిలోనే పోయింది. చివరిసారి చూడటానికి వెళ్తే ఎండ వచ్చిన రోజు కిటికీలు తెరుస్తున్నావా అని అడిగింది. మా కారవాన్‌వా, ఆవిడదానివా అని నేను అడగలేదు. రెండూ తెరుస్తున్నానని చెప్పాను. ఆ మర్నాటి నుంచీ రెండూ తెరుస్తున్నాను.

అత్తయ్య ఈ వేసవికి మళ్లీ వచ్చింది. ఆంటీ పోయిన సంగతి ఫోనులోనే తెలిసింది గానీ, ఆవిడ ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడు మాత్రం కారు ఆపమని, కాసేపు చూసి, కళ్లొత్తుకుంది. పోయిన శనివారం వెక్స్‌ఫర్డ్ సముద్రానికి వెళ్దామని కారవాన్ దులుపుతున్నాం. అత్తయ్య అలవాటుగా బకెట్టు తెచ్చి తలుపు దగ్గర పెట్టింది. అప్పుడు గోడ అడుగున ఉన్న ఆ పాత మచ్చ కనిపించింది. దగ్గరికి వంగి చూసింది.

"నిజం జెప్పు బిడ్డా. గిది నేను కడిగిన నీళ్లదే గదా?"

"కాదత్తయ్యా, వాన" అన్నాను. "ఈడి వాన అడ్డంగ కొడ్తది."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆమె గూడ గిదే జెప్పింది" అంది.

బకెట్టు తీసుకెళ్లి గడ్డిలో పారబోసి వచ్చి, మెట్టు మీద కూర్చుని, పొడిగుడ్డ ఇమ్మని నాకు చెయ్యి చాచింది.